బస్సు ఎక్కడున్నది? ఊళ్ళో ఏమైనది?

దారి చెప్పే యాప్, వార్త చెప్పే యాప్ ఒకే ఫోనులో పక్కపక్కనే కాపురముంటున్నవి. అయితే మొదటిది చెప్పిన మాట నిజమో కాదో పది నిమిషాల్లో తేలిపోతుంది. రెండవదాని సంగతి అలా కాదు.

మన చిన్న పట్టణాల్లో బస్‌స్టాండు చిరకాలంపాటు రెండు ప్రశ్నలకు సమాధానం దొరికే చోటుగా ఉండేది. మొదటి ప్రశ్న: "బస్సు పోయిందా, ఇంకా రావాలా?" రెండవది: "ఏమిటండీ విశేషాలు?" మొదటి ప్రశ్నకు ఎంక్వయిరీ కిటికీ వెనుక కూర్చున్న ఉద్యోగి జవాబు చెప్పేవాడు. ఆయన సీటులో లేకపోతే టీకొట్టు యజమాని చెప్పేవాడు. రెండవ ప్రశ్నకు మాత్రం టీకొట్టు యజమానిదే సర్వాధికారం.

ఈ రెండింటికీ అంతకన్న దగ్గరి బంధం కూడా ఒకటుండేది. వార్తలు బస్సుమీదనే ప్రయాణం చేసేవి. టెలిప్రింటరు పెద్ద పట్టణాలు దాటి రాని ఆ దినాల్లో తాలూకా విలేకరి తన వార్తలను కాగితాలమీద వ్రాసి, కవరులో పెట్టి, సాయంకాలం బస్సు డ్రైవరు చేతికో కండక్టరు చేతికో అందించేవాడు. అవతలి బస్‌స్టాండులో పత్రికాఫీసు మనిషి కాచుకుని ఉండి ఆ కవర్లను ఏరుకుపోయేవాడు. తెల్లవారుజామున అచ్చయిన పత్రిక కట్టలు మళ్ళీ బస్సుల్లోనే ఊళ్ళకు తిరిగి వచ్చేవి. బస్సు ఆలస్యమైతే వార్త ఆలస్యమయ్యేది. బస్సే రాకపోతే, ఆ ఊరి మటుకు, ప్రపంచంలో ఆ రోజు ఏమీ జరగనట్లే.

1932 జూన్‌లో నిజాం సంస్థానపు రైల్వేశాఖ 27 బస్సులతో ఆరంభించిన రవాణా సర్వీసు, 1958 జనవరి 11 న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. ఆ ఎర్ర బస్సు వెళ్ళిన ప్రతి ఊరికీ కొంచెం ముందువెనుకలుగా పత్రిక కూడా వెళ్ళినది. 1974 లో విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' వంటి పత్రికలు చిన్న ఊళ్ళ వార్తలకు పెద్దపీట వేశాయి. 1980 దశాబ్ది ముగిసేనాటికి జిల్లాకొక చిన్న సంచికను వేరుగా అచ్చువేయడం ఆరంభమైనది. మన వీధి కుళాయి సంగతి కూడా అచ్చులో చూసుకొనవచ్చునని తెలుగు పాఠకునికి తెలిసివచ్చినది అప్పుడే.

నేడు ఆ రెండు ప్రశ్నలూ బస్‌స్టాండు వదలి అరచేతిలోని ఫోనులోకి వచ్చి, రెండు వేర్వేరు యాప్‌లుగా విడిపోయాయి. పైకి చూడబోతే రెండూ ఒకే జాతివి. రెండూ మొట్టమొదట, "మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చునా?" అని అనుమతి అడుగుతాయి. రెండూ మీ చుట్టుపక్కల జరుగుతున్నది చెబుతామంటాయి. రెండూ సాధారణంగా ఉచితమే. కాని లోపల వాటి యంత్రాంగం వేరు, వాటి స్వభావం వేరు. అవి తప్పితే కలిగే నష్టం కూడా వేరు.

కదిలే చుక్క

బస్సు యాప్ కథ మన దేశంలో మొదలు కాలేదు. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్‌లో పనిచేసే బిబియానా మెక్‌హ్యూ అనే ఉద్యోగినికి ఒక సందేహం పీడించసాగినది. కారు నడిపేవానికి ఇంటర్నెట్ ఇంత చక్కగా దారి చూపుతున్నదే, బస్సెక్కేవానికి ఎందుకు చూపదు? గూగుల్ సంస్థ ఇంజనీరు క్రిస్ హారెల్సన్ ఆమెకు తోడైనాడు. 2005 డిసెంబరులో పోర్ట్‌లాండ్ బస్సుల వేళలు గూగుల్‌లో కనిపించాయి. అందుకోసం వారు తయారుచేసిన పద్ధతి చాలా సాదాసీదా అయినది. స్టాపులకొక పట్టిక, రూట్లకొక పట్టిక, ట్రిప్పులకొక పట్టిక, వేళలకొక పట్టిక. ఏ గుమాస్తా అయినా నింపగలిగినవి. నేడు ప్రపంచంలోని రవాణా యాప్‌లలో అనేకం ఈ పట్టికలమీదనే ఆధారపడి ఉన్నవి. మన దేశంలో కొచ్చి మెట్రో, ఢిల్లీ బస్సుల సమాచారాన్ని 2018 లో ఈ పద్ధతిలోనే బహిరంగపరచి, ఎవరైనా యాప్ చేసుకొనవచ్చునన్నారు.

అయితే పట్టిక చెప్పేది బస్సు రావలసిన వేళ. ప్రయాణికునికి కావలసినది వచ్చే వేళ. ఈ రెండింటి మధ్య ఎంత దూరమున్నదో మన దేశంలో బస్సెక్కిన ప్రతివారికీ అనుభవమే.

ఆ దూరాన్ని పూడ్చడానికి వచ్చినది జీ.పీ.ఎస్. బస్సులో డ్రైవరు ముందో, పైకప్పు క్రిందో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అది ఆకాశంలోని ఉపగ్రహాలనుబట్టి తానున్న చోటు తెలుసుకుని, లోపలి సిమ్‌కార్డు ద్వారా కొన్ని క్షణాలకొకసారి కార్యాలయపు కంప్యూటరుకు కబురు పంపుతుంది. ఆ కంప్యూటరు బస్సు ఏ రూటుదో, ఇంకా ఎంత దూరమున్నదో చూసుకుని, "ఏడు నిమిషాలు" అని మీ ఫోనుకు చెబుతుంది. 2019 జనవరి 1 తరువాత రిజిస్టరైన ప్రజారవాణా వాహనాల్లో ఇటువంటి పెట్టె, దానితో పాటు ఆపదలో నొక్కే మీట ఉండాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టినది. తెలంగాణ ఆర్టీసీ 2023 ఆగస్టులో 'గమ్యం' అనే యాప్‌ను ప్రవేశపెట్టినది. అంతకుముందే, 2014 లో మొదలైన 'ఛలో' అనే ప్రైవేటు సంస్థ పలు నగరాల్లో ఇదే పని చేస్తున్నది.

రైలు విషయంలో మరింత వింత అయిన ఉపాయమొకటి కనిపెట్టబడినది. బెంగుళూరులో కొందరు ఇంజనీర్లు కలిసి 'వేర్ ఈజ్ మై ట్రెయిన్' అనే యాప్‌ను తయారుచేశారు. రైలు ఏ సెల్‌టవరు పరిధిలో పోతున్నదో ఫోనుకు ఎటూ తెలుస్తూనే ఉంటుంది గదా! ఏ టవరు రైలుమార్గంలో ఏ చోట ఉన్నదో యాప్ ముందే తెలుసుకుని ఉంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా, ఉపగ్రహం అందకపోయినా, రైల్లో కూర్చున్నవానికి తానెక్కడున్నాడో చెప్పగలదు. అర్ధరాత్రి కిటికీ తలుపు ఎత్తి, చీకట్లోకి తొంగిచూసి, "ఇది ఏ స్టేషనండీ?" అని పక్కవానిని లేపే అవసరం చాలమటుకు తీరిపోయినది. 2018 డిసెంబరులో ఆ సంస్థను గూగుల్ కొనివేసినది. రైల్వేవారు కూడా ఇస్రో సహాయంతో ఇంజన్లకే ఉపగ్రహ పరికరాలు అమర్చి, 30 సెకండ్లకొకసారి రైలున్న చోటు తెలుసుకునే ఏర్పాటు చేసుకున్నారు.

ఇంత యంత్రాంగం ఉండికూడా యాప్ తప్పుతుంది. ఉదయం డిపోలో ఒక బస్సు మొరాయిస్తే దాని బదులు వేరొక బస్సును రూటుకు పంపుతారు. ఆ మార్పు కంప్యూటరులో ఎక్కించడం ఎవరో మరచిపోతారు. ఇక ఆ రోజంతా మొదటి బస్సు డిపోలో నిద్రపోతూనే తెరమీద కనిపిస్తుంది, రెండవ బస్సు రోడ్డుమీద తిరుగుతూనే తెరమీద కనిపించదు. కొన్నిచోట్ల పట్టికలోని వేళనుబట్టి యాప్ ఒక బస్సును ఊహించి చూపుతుంది. చుక్క దగ్గరకు వస్తుంది, స్టాపు దాటిపోతుంది. రోడ్డుమీద ఏ బస్సూ ఉండదు. పాశ్చాత్య దేశాల్లో వీటికి దయ్యపు బస్సులని పేరు పెట్టారు. మన దేశంలో పేరు పెట్టకపోయినా వాటిని చూడనివారు తక్కువ.

అయినా ఒక్క విషయంలో బస్సు యాప్ నిజాయితీ గలదని చెప్పక తప్పదు. అది అబద్ధమాడితే దాచుకొనలేదు. ఏడు నిమిషాలన్న బస్సు ఇరవై నిమిషాలకు వస్తే, నిలబడిన ప్రతివాడూ సాక్షే. స్టాపులో ఉన్న పదిమందీ, తమకు తెలియకుండానే, యాప్‌ను తనిఖీ చేసే ఆడిటర్లవుతారు. రెండుసార్లు మోసపోయినవాడు మూడవసారి దానిని తెరవడు.

సరిగ్గా పనిచేసినప్పుడు దాని మేలు చిన్నది కాదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 'వన్‌బస్‌అవే' అనే యాప్ వాడేవారిమీద వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు జరిపిన పరిశీలన 2011 లో ప్రచురితమైనది. యాప్ చూసుకుని వచ్చేవారు నిజంగానే సుమారు రెండు నిమిషాలు తక్కువ నిరీక్షించారు. అంతకన్న విశేషమేమంటే, యాప్ లేనివారికి నిరీక్షణ ఉన్నదానికన్న ఎక్కువగా తోచినది. యాప్ ఉన్నవారికి ఉన్నంతే తోచినది. బస్సు త్వరగా రాకపోయినా, ఎప్పుడు వస్తుందో తెలిసినవానికి కాళ్ళు అంత పీకవన్నమాట.

వార్తకు రూటు లేదు

స్థానిక వార్తల యాప్‌ల పుట్టుక మరొక విధమైనది. ఫోనులో తెలుగు అక్షరం సరిగ్గా కనబడటమే గగనమైన 2009 లో, నోకియాలో పనిచేసి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లు 'న్యూస్‌హంట్' అనే యాప్ తయారుచేశారు. దేశభాషల పత్రికలను చిన్న తెరమీద చదువుకునే వీలు దానివలన కలిగినది. 2015 లో అది 'డైలీహంట్' అయినది. 2013 లో వచ్చిన 'ఇన్‌షార్ట్స్' ఏ వార్తనైనా 60 మాటల్లో ముగించాలని నియమం పెట్టుకున్నది. 2006 లో హైదరాబాదులో ఉచిత ఎస్.ఎం.ఎస్.లు పంపే సర్వీసుగా మొదలైన సంస్థ తరువాత 'వే2న్యూస్' పేరిట సంక్షిప్త వార్తల యాప్‌గా తెలుగువారి ఫోన్లలో పాతుకుపోయినది. 2018 లో వచ్చిన 'లోకల్' జిల్లా వార్తలతో పాటు ఉద్యోగాలూ, బంగారం ధరలూ, అమ్మకాల ప్రకటనలూ కూడా చెప్పసాగినది. 2019 లో వచ్చిన 'పబ్లిక్' ఊరి వార్తలను చిన్న చిన్న వీడియోలుగా చూపినది.

ఈ రంగంలో ధనబలం ఒక్కటే చాలదని గూగుల్‌కు త్వరలోనే తెలిసివచ్చినది. ఇరుగుపొరుగువారు ఒకరినొకరు స్థానిక విషయాలు అడిగి తెలుసుకునేందుకు ఆ సంస్థ 2018 లో ముంబయిలో 'నైబర్లీ' అనే యాప్‌ను ఆరంభించినది. 2020 మే నెలలో మూసివేసినది. ప్రపంచపటాన్ని అంగుళం అంగుళం గీయగలిగిన సంస్థకు పక్కవీధి కబుర్లు అందలేదు.

కారణం ఊహించదగినదే. బస్సుకు రూటు ఉన్నది. అది ఎక్కడ బయలుదేరుతుందో, ఎక్కడ ఆగుతుందో ముందే నిర్ణయమై ఉంటుంది. పెట్టె తనంతట తానే కబురు చెబుతుంది. వార్తకు రూటు లేదు. ఏ సందులో, ఏ వేళ, ఏమి జరుగుతుందో ఎవరూ ముందుగా పట్టిక వేయలేరు. మునిసిపల్ కార్యాలయానికి జీ.పీ.ఎస్. పెట్టె తగిలిస్తే అది లంచం సంగతి చెప్పదు. ఎవరో ఒక మనిషి అక్కడ ఉండాలి, చూడాలి, అడగాలి, రెండవవైపు మాట కూడా వినాలి. ఇందులో ఏ ఒక్కటీ చౌకగా అయ్యే పని కాదు.

కనుక వార్తల యాప్‌లు చేసే పని ఏమిటి? పత్రికలవారు సేకరించిన వార్తను కుదించి చూపడం ఒకటి. ఊరూరా చురుకైన యువకులను చేర్చుకుని వారు పంపినది ప్రచురించడం రెండవది. ఈ రెండవ పద్ధతిలో మంచి లేకపోలేదు. పెద్ద పత్రిక విలేకరి ఎన్నడూ కాలుపెట్టని గూడెం నుంచి కూడా విరిగిన కల్వర్టు ఫోటో వస్తుంది. రేపు ఏ ఫీడరుమీద కరెంటు తీస్తారో, ఏ మార్కెట్ యార్డులో మిర్చి ఏ ధర పలికినదో, ఏ ఆసుపత్రిలో రక్తం కావాలో తెలుస్తుంది. రాష్ట్ర రాజధానిలో మంత్రిగారి ప్రసంగం కన్న మిర్చి రైతుకు ఆ ధర ముఖ్యం. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు.

అయితే యాప్‌కు ఆదాయం ప్రకటనలవలన. ప్రకటనలు చూసే కళ్ళను బట్టి. కనుక కళ్ళను నిలబెట్టేదే దాని దృష్టిలో వార్త. మునిసిపల్ బడ్జెటు సమావేశం కన్న రోడ్డు ప్రమాదపు వీడియోను ఎక్కువమంది చూస్తారు. కుళాయి మరమ్మతు కన్న కుటుంబ కలహం ఎక్కువసేపు నిలబెడుతుంది. బస్సు యాప్‌ను మీరు ఎంత తక్కువసేపు చూస్తే అది అంత బాగా పనిచేసినట్లు. తెరచి, చూసి, జేబులో పెట్టుకుని పరుగెత్తడమే దాని సార్థకత. వార్తల యాప్‌కు అదే పరాజయం. మీరు ఇంకొకటి, మరొకటి అని వేలితో జరుపుతూ ఉండాలి. జరపడం ఆపితే గంట మోగించి పిలుస్తుంది.

తప్పును దిద్దే విషయంలో తేడా మరింత కొట్టవచ్చినట్లు ఉన్నది. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సమాచార సాంకేతిక నిబంధనల ప్రకారం, డిజిటల్ వార్తా సంస్థకు ఫిర్యాదు అందితే 15 రోజుల్లోగా నిర్ణయం చెప్పాలి. బస్సు యాప్ తప్పు పదిహేను నిమిషాల్లో బయటపడుతుంది, వార్తల యాప్ తప్పుకు పదిహేను రోజుల గడువున్నది. అదికూడా ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే. పక్క మండలంలో దొంగతనం జరిగినదని చదివినవాడు ఆ మండలానికి వెళ్ళి విచారించడు. నమ్ముతాడు, లేదా మరచిపోతాడు. రెండింటిలో ఏది చేసినా యాప్‌కు నష్టం లేదు.

దూరపు అబద్ధంకన్న దగ్గరి అబద్ధం ప్రమాదకరమైనది. విదేశంలో ఏదో జరిగినదన్న కట్టుకథ విని ఎవరూ కర్ర పట్టుకుని వీధిలోకి రారు. "మన పక్క ఊళ్ళో పిల్లలనెత్తుకుపోయేవారు తిరుగుతున్నారు" అంటే వస్తారు. 2018 జూలై 1 న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రెయిన్‌పాడా గ్రామంలో ఇటువంటి వదంతివల్లనే జనం ఐదుగురిని కొట్టి చంపారు. వార్తా సంస్థ ఏదీ ప్రకటించిన వార్త కాదది. ఫోన్ల ద్వారా చేతులు మారిన కబురు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసినది. ఊరి వార్తను ఎవరు చెప్పారన్నది ఎందుకు అంత ముఖ్యమో ఆ ఐదుగురి చావే చెబుతుంది.

రెండూ కలిసే చోటు

ఇంతవరకు చెప్పినదానినిబట్టి బస్సు యాప్ సత్యసంధురాలనీ, వార్తల యాప్ వదరుబోతు అనీ అనిపించవచ్చు. అది సగం నిజమే. బస్సు యాప్ బస్సు ఎక్కడున్నదో చెబుతుంది గాని, ఎందుకు రాలేదో చెప్పలేదు.

2024 సెప్టెంబరు 1 న కుండపోత వర్షాలకు మహబూబాబాదు జిల్లాలో కేసముద్రం సమీపాన రైలుపట్టాల క్రింది కంకర, మట్టి వరదలో కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వ్రేలాడాయి. కాజీపేట-విజయవాడ మార్గం తెగిపోయినది. ఉత్తర దక్షిణ భారతాలను కలిపే ముఖ్యమైన మార్గమది. పెక్కు రైళ్ళు రద్దయ్యాయి, మరికొన్నిటిని దారి మళ్ళించారు. అదే సమయాన విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు నీట మునిగాయి. ఇటువంటప్పుడు మధ్యదారిలో నిలిచిపోయిన రైలు, తెరమీద కదలని చుక్కగా మాత్రమే కనిపిస్తుంది. ఆలస్యం అరగంట, గంట, రెండు గంటలు అని పెరుగుతూ ఉంటుంది. పట్టాలు లేవన్న సంగతి చుక్కకు తెలియదు. ఆ సంగతి తెలియాలంటే కట్టమీద నిలబడి ఫోటో తీసిన స్థానిక విలేకరే దిక్కు.

2019 అక్టోబరు 5 న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులపాటు సాగినది. అన్నాళ్ళూ పట్టికల్లోని వేళలు పట్టికల్లోనే ఉండిపోయాయి. తాత్కాలిక డ్రైవర్లతో ఏ డిపోనుంచి ఎన్ని బస్సులు కదిలాయో తెలుసుకునేందుకు జనం మళ్ళీ ఊరి వార్తలమీదనే ఆధారపడవలసి వచ్చినది.

వార్త, రవాణా పొరపాటున ఢీకొంటే ఏమవుతుందో 2020 ఏప్రిల్ 14 న ముంబయిలో కనిపించినది. ఆ ఉదయం లాక్‌డౌనును మే 3 వరకు పొడిగిస్తున్నట్లు ప్రధానమంత్రి ప్రకటించారు. ప్రయాణికుల రైళ్ళు అంతవరకు నడవవని రైల్వేశాఖ తెలిపినది. సాయంకాలానికి బాంద్రా స్టేషను వద్ద వేయికి పైగా వలసకూలీలు గుమిగూడారు. సొంత ఊళ్ళకు రైళ్ళు వేస్తున్నారన్న మాట వారిలో పాకిపోయినది. పోలీసులు లాఠీలతో వారిని చెదరగొట్టారు. ప్రత్యేక రైళ్ళ ప్రతిపాదన గురించిన ఒక రైల్వే అంతర్గత లేఖ ఆధారంగా వార్త ఇచ్చిన మరాఠీ చానెల్ విలేకరిని అరెస్టుచేసి, తరువాత బెయిలుమీద విడిచిపెట్టారు. ఆ గుంపుకు కారణం ఆ వార్త ఒక్కటేనా అన్నది వాదవివాదాలకు లోనైన విషయం. పనిపోయి, కూడుపోయి ఉన్నవానికి స్టేషనుదాకా నడిచి చూడటానికి చిన్న ఆశ చాలు. ఏమైనా, ఆ రోజు వార్తలోని సత్యాసత్యాలను తేల్చినది ప్రయాణికులే. తేల్చినందుకు వారికి దక్కినవి లాఠీదెబ్బలు.

రెండు వారాల అనంతరం, మే 1 తెల్లవారుజామున, నిజంగానే ఒక రైలు కదిలినది. హైదరాబాదు శివార్లలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది కూలీలతో వెళ్ళిన ఆ తొలి శ్రామిక్ రైలుకు ముందుగా ప్రచారం లేదు, కౌంటర్లో టికెట్ల అమ్మకం లేదు. అధికారులు ఎంపికచేసిన కూలీలే ఎక్కారు. గుంపులు చేరుతాయన్న భయం అంతగా ఉన్నది మరి! అవసరమైన రైలు వార్త కాలేదు, వార్త అయిన రైలు రాలేదు.

ఈ రెండు విద్యలను ఒకేచోట కలిపిన వారు లేకపోలేదు. 2010 లో సచిన్ టేకే ముంబయి లోకల్ రైళ్ళ కోసం తయారుచేసిన 'ఎం-ఇండికేటర్' ప్రధానంగా టైంటేబుల్ యాప్. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఆదివారాల్లో మరమ్మతుల కోసం లైన్లు ఆపే 'మెగాబ్లాక్' సంగతులు కూడా అందులోనే తెలుస్తాయి. అంతేగాక, ఒకే లైనులో ప్రయాణించేవారు తమలో తాము మాట్లాడుకునే సదుపాయమున్నది. సిగ్నలు పాడైనదనో, పట్టాలమీద నీరు నిలిచినదనో రైల్లో ఇరుక్కున్నవాడే వ్రాస్తాడు. అది అచ్చంగా వార్తే. వ్రాసినవాడు ఆ పెట్టెలోనే చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు గనుకా, చదివేవాడు తరువాతి స్టేషనులో అదే రైలుకోసం చూస్తున్నాడు గనుకా, అబద్ధానికి ఆయుష్షు తక్కువ. మన బస్‌స్టాండు టీకొట్టు ధర్మమే అక్కడ వేరే రూపంలో నడుస్తున్నది.

పేర్లు, మనుషులు

మరొక చిక్కు పేర్లది. యాప్‌లో స్టాపు పేరు పుస్తకాల్లో ఉన్నట్లు ఉంటుంది. జనం నోట్లో వేరొకటి ఉంటుంది. సికింద్రాబాదులో 'సంగీత్' సినిమాహాలు పడగొట్టి ఏళ్ళు గడచినా ఆ కూడలిని జనం ఇంకా సంగీత్ అనే అంటారు. పల్లెల్లో అయితే చింతచెట్టు, రైసుమిల్లు, పాత కచేరీ. కొత్తగా వచ్చినవానికి ఈ పేర్లు తెలియవు, యాప్‌కూ తెలియవు. వార్తల యాప్ ఈ విషయంలో నయం. ఊరివాడు వ్రాస్తాడు గనుక చింతచెట్టు అనే వ్రాస్తాడు.

2023 డిసెంబరు 9 న తెలంగాణలోనూ, 2025 ఆగస్టు 15 న ఆంధ్రప్రదేశ్‌లోనూ మహిళలకు నిర్ణీత తరగతుల ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఆరంభమైనది. అప్పటినుంచి "బస్సు ఎక్కడున్నది?" అన్న ప్రశ్న వెనుక మరొక ప్రశ్న వచ్చి నిలిచినది: "అందులో చోటున్నదా?" కోవిడ్ దినాల్లో ఛలో సంస్థవారు కండక్టరు టికెట్టు మిషన్ లెక్కనుబట్టి బస్సులో రద్దీ ఏపాటిదో చూపే ఏర్పాటు చేశారు. అటువంటిది పల్లెవెలుగు బస్సుకు కూడా అమరితే, తల్లులు చంకన పిల్లలతో ఫుట్‌బోర్డుమీద వ్రేలాడే అవస్థ కొంత తగ్గవచ్చు.

యాప్ ఎంపిక చేసుకోదలచినవారు ప్రకటనలు చూసి మోసపోవడంకన్న చిన్న పరీక్ష చేయడం మేలు. బస్సు యాప్‌ను మీ స్టాపులోనే, మీ వేళకే, నాలుగు రోజులు పరీక్షించండి. నగరం నడిబొడ్డున చక్కగా పనిచేసేది ఊరి చివర చతికిలబడవచ్చు. చుక్క కదులుతున్నదా, లేక పట్టికలోని వేళనే మీకు వల్లిస్తున్నదా గమనించండి. వార్తల యాప్‌లో మీకు స్వయంగా తెలిసిన సంఘటన ఒకటి ఎన్నుకుని, అది ఎలా వ్రాయబడినదో చూడండి. చోటు ఉన్నదా, తేదీ ఉన్నదా, ఎవరు చెప్పారో ఉన్నదా, రెండవ పక్షం మాట ఉన్నదా? మరునాడు తప్పు దిద్దుకున్న దాఖలా ఎక్కడైనా కనిపించినదా? మీ వీధి సంగతిని సరిగ్గా వ్రాయలేనివాడు పక్క జిల్లా సంగతి సరిగ్గా వ్రాస్తాడనుకోవడం అత్యాశ. అనవసరమైన గంటలు మోగకుండా నోటిఫికేషన్లు ఆపివేసుకొనే వీలు చాలామంది వాడుకోని సదుపాయం.

ఇక ఫోను లేనివారు, ఉన్నా చదవలేనివారు, డేటా ముగిసినవారు ఇంకా ఎందరో. వారికోసం ఎంక్వయిరీ కిటికీ తెరచి ఉండాలి, మైకులో పిలుపు వినబడాలి, బస్సు నుదుటి బోర్డు తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. వీటి ఖర్చు యాప్ ఖర్చుకన్న ఎక్కువేమీ కాదు.

చిట్టచివరకు ఒక చిన్న సంగతి రెండు యాప్‌ల మధ్యా జారిపోతున్నది. ఊరికి వెళ్ళే ఆఖరి బస్సు ఈ రాత్రికి రద్దయినది. టౌనులో షాపు మూసి వచ్చే అమ్మాయికి ఆ రోజు అంతకన్న పెద్ద వార్త లేదు. అయినా ఒక్క పల్లెకు సంబంధించినది గనుక వార్తల యాప్ దానిని పట్టించుకోదు. కదలని బస్సుకు చుక్క లేదు గనుక బస్సు యాప్ దానిని చూపదు. బస్‌స్టాండులో కంట్రోలరు పుస్తకంలో మాత్రం, ఆ ట్రిప్పుకు ఎదురుగా, నీలి సిరాతో వ్రాసి ఉంటుంది.